వేడి చల్లారక ముందే

ప్రశ్నాపత్రం పట్టుకొని ఒకమ్మాయి వచ్చింది,
గ్రిమ్స్‌బీ రేవు గాలికి గొడుగు తిరగబడి
జుట్టంతా తడిసి.
"ఎక్స్‌రే తీసిన వెంటనే రిపోర్టు చెప్పెయ్యడం
మీకు మేలనిపిస్తోందా?
ఒకటి నుంచి అయిదు లోపల ఒక అంకె వెయ్యండి."

నా గదికి కిటికీ లేదు.
రెండు తెరలు, ఒక కుర్చీ, మూత పెట్టిన టీ.
గోడ అవతల ఒక మనిషి బల్ల మీద చెయ్యి చాపుతాడు,
ఊపిరి బిగబడతాడు.
మళ్ళీ చొక్కా తొడుక్కునే లోపల
అతని ఎముక నా ముందు కూర్చుని ఉంటుంది.

ముఖాలు నాకు తెలియవు.
మణికట్లు తెలుసు, మడమలు తెలుసు.
శనివారం ఫుట్‌బాల్ అయ్యాక వచ్చే చీలమండలు,
మంచు పడిన తెల్లారి వచ్చే తుంటి ఎముకలు,
తలుపు సందులో పడ్డామని చెప్పే వేళ్ళు.
ఆ వేళ్ళు చెప్పే మాట ఎప్పుడూ నిజం కాదు.

ముందు బెరిల్‌ని అడిగిందట ఆ అమ్మాయి.
రిసెప్షన్ బల్ల వెనక ఇరవై రెండేళ్ళ బెరిల్
అంకె వెయ్యలేదు.
సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసింది,
వెనక్కి పిలవాల్సిన వాళ్ళ పేర్లు.
"తొమ్మిది రోజులకి ఫోను చేసేదాన్ని.
'ఆ రోజు ఏమీ లేదన్నాం కదా, ఉందట, రండి.'
వాళ్ళు తిట్టరు. అదే నాకు కష్టం.
'నొప్పి నా భ్రమ అనుకున్నాను' అంటారు."
చేపల షెడ్డులో ఒకామె
విరిగిన మణికట్టుతో ఆ తొమ్మిది రోజులూ
కాడ్ చేపలు కోసింది.
పుస్తకంలో చివరి పేజీలు ఖాళీ,
ఒక్క వరుస తప్ప.

నర్సు ఇఫియోమా అయిదు వేసింది,
అయిదు చుట్టూ ఇంకో సున్నా చుట్టింది.
"ఇంటికి పోయాక నిద్ర పడుతోంది.
ఈ కాగితంలో అదెక్కడ రాయను?"

కుర్ర డాక్టరు రోరీ మూడు వేశాడు.
"నిజం చెప్పనా? బొమ్మ చూడడం మానేశాను,
రిపోర్టే చూస్తున్నాను.
ఈత నేర్పుతామని నన్ను గట్టున నిలబెట్టి
చేపలు చేతికందిస్తున్నారు."

స్ట్రెచర్ తోసే క్లిఫర్డ్‌ని ఎవరూ అడగలేదు.
అడక్కుండానే చెప్పాడు:
"ఇదివరకు దారి పొడుగునా అడిగేవాళ్ళు
'విరిగిందా బాబూ, నీకేమైనా చెప్పారా' అని.
లిఫ్టు తలుపుల వంక చూసేవాణ్ణి.
ఇప్పుడు వానల గురించి మాట్లాడుకుంటున్నాం."

నా వంతు.

ఆలస్యం విషమంటారు,
నిదానమే ప్రధానమంటారు.
రెండు మాటలూ ఒకే నోటివి,
ఈ కుర్చీలో రెండూ ఇరుక్కుని కూర్చుంటాయి.
సాయంత్రం అయిదింటికి నా గదికి తాళం పడుతుంది.
ఎముకలకి గడియారం చూడడం రాదు.
రాత్రి విరిగినవి తెల్లారేదాకా
ఎవరో ఒకరి ఊహ మీద బతుకుతాయి.

ఇంకొకటి. ఫిబ్రవరిలో ఒక పిల్లవాడి మోచెయ్యి.
వరుసలో పద్నాలుగు మంది.
"మామూలుగానే ఉంది" అన్నాను,
పదకొండు సెకన్లలో.
ఎముక వెనక సన్నగా లేచిన నీడని
మర్నాడు, టీ తాగుతూ, ఊరికే తెరిచి చూశాను.
ఫోను బెరిల్‌ని చెయ్యనివ్వలేదు.
పుస్తకంలో ఆ ఒక్క వరుస
నా చేతిరాత.
"మీరు అంత త్వరగా చెప్పారని
మేమెంత సంతోషించామో" అంది వాళ్ళమ్మ.

"అంకె?" అని అడిగింది అమ్మాయి.
కాగితం అంచున వాన చుక్క
రెండుకీ మూడుకీ మధ్య ఉబ్బుతోంది.

గోడ అవతల ఎవరో ఊపిరి బిగబట్టారు.
"ఉండమ్మా" అన్నాను.
తెర మీదికి ఒక చిన్న మణికట్టు వచ్చింది,
ఇంకా వెచ్చగా ఉన్నట్టే.
ఒకసారి చూశాను.
చల్లారిన టీ పక్కకి జరిపి
ఇంకోసారి చూశాను.